హిందీ ప్రేమపాటలో దక్షిణాది గొంతు

సినిమాలో ఫలానా ప్రాంతం వాళ్లకు చోటు దక్కిందా అని అడిగితే చాలామంది పాత్రల్ని లెక్కపెడతారు. పాటలతో నడిచే హిందీ ప్రేమకథకు ఆ లెక్క చాలదు. అక్కడ మనసులో మాట బయటపడేది పాటలోనే. అందుకని పాట ఎవరికిచ్చారు, ఏ యాసలో పాడనిచ్చారు, ఇద్దరిలో ఎవరు ఎవరి భాష నేర్చుకున్నారు అన్నవి చూడాలి.

1968లో వచ్చిన ‘పడోసన్’ చూడండి. మెహమూద్ వేసిన తమిళ సంగీతం మాస్టారిది పిలక, వెటకారం పుట్టించే హిందీ. ‘ఏక్ చతుర్ నార్’ పోటీ పాటలో ఆయనకు మన్నాడే గొంతు ఇచ్చారు. అవతల సునీల్ దత్ పెదాలు మాత్రమే కదుపుతాడు, చాటునుంచి పాడేది కిశోర్ కుమార్. సంగీతం వచ్చినవాడు ఓడతాడు, రానివాడు గెలుస్తాడు. పాట అద్భుతం, నవ్వు వస్తుంది కూడా. ఆ మాస్టారూ అమ్మాయిని ప్రేమిస్తున్నాడన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

1981లో ‘ఏక్ దూజే కే లియే’ ఆ తమిళుడినే నాయకుణ్ణి చేసింది. బాలసుబ్రహ్మణ్యం గొంతు హిందీకి నప్పుతుందా అని సంగీత దర్శకులు లక్ష్మీకాంత్-ప్యారేలాల్ మొదట సందేహించారు. పాడేది తమిళ కుర్రాడైనప్పుడు ఆ ఛాయ ఉంటే తప్పేమిటన్నది దర్శకుడు బాలచందర్ వాదన. ‘తేరే మేరే బీచ్ మే’కు జాతీయ పురస్కారం వచ్చింది. లిఫ్టులో వచ్చే ‘మేరే జీవన్ సాథీ’ ఇంకా చిత్రం. భాష రాని కుర్రాడి ప్రేమ మొత్తం హిందీ సినిమా పేర్లతోనే అల్లారు. ఆ పేర్లలో ‘పడోసన్’ కూడా ఉంది!

మనం ఆగి చూడాల్సిన చోటు మరొకటి. ‘ఏక్ దూజే కే లియే’కు మాతృక 1978 నాటి తెలుగు సినిమా ‘మరో చరిత్ర’. అందులో తమిళ అబ్బాయి, తెలుగు అమ్మాయి, విశాఖ తీరం. ‘ఏ తీగ పువ్వునో’ పాట మధ్యలో తమిళం దూరి, అర్థం కాకపోవడమే సరసమైపోతుంది. హిందీకి వెళ్లేసరికి విశాఖ గోవా అయింది, తెలుగు పిల్ల హిందీ పిల్ల అయింది, తమిళుడు తమిళుడిగానే మిగిలాడు. నిర్మాత ఎల్.వి.ప్రసాద్ తెలుగువాడు, పాడింది తెలుగువాడు, తెరమీద మాత్రం జంటలోంచి తెలుగు జారిపోయింది. కారణం కుట్రేమీ కాదు. ఇలాంటి కథలో ప్రేక్షకుల భాష ఇంటిది, రెండోది బయటిది. బయటివాడే నేర్చుకోవాలి. తెలుగులో ఆ ఇంటి పీట మనది, హిందీలో వాళ్లది. మన సినిమాల్లో వచ్చీరాని తెలుగు మాట్లాడే వడ్డీ వ్యాపారి సేఠ్‌కు మనం యుగళగీతం ఇచ్చామా అని అడిగితే మాత్రం కాస్త ఇబ్బందే.

2013లో ‘చెన్నై ఎక్స్‌ప్రెస్’ టైటిల్ పాటకు మళ్లీ బాలు గొంతే. అందులో తమిళ అమ్మాయి మీనమ్మ, హిందీ అబ్బాయి రాహుల్ ఆమె బంధువుల ఎదుటే హిందీ పాటల బాణీల్లో రహస్యాలు చెప్పుకుంటారు. 1981లో సినిమా పేర్లు బయటివాడికి తలుపు తీశాయి. ఇక్కడ సినిమా పాటలు పక్కనున్న తమిళులకు తలుపు మూశాయి. ఆ హాస్యం హిందీ వచ్చినవాళ్లకే పేలుతుంది. రెండు భాషల మధ్య తిరుగుతూ, కావాలని తప్పుగా అనువదిస్తూ కథను లాగే పని మాత్రం మీనమ్మదే.