రెండోసారి చూసేటప్పుడు ఊరిని చూడండి

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ రోజు సినిమాల గురించి మాట్లాడుకుందాం. కొత్తగా వచ్చినవి వద్దు, వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒకసారి చూసి ‘బాగానే ఉంది’ అని లేచి వెళ్లిపోయిన సినిమాలు, టీవీలో వస్తుంటే ఛానల్ మార్చేసిన సినిమాలు, పేరు వినడమే తప్ప ఏనాడూ చూడని సినిమాలు మనకి బోలెడున్నాయి. వాటిలో కొన్నింటిని మళ్లీ చూడమని అడగడానికి వచ్చాను. నాకిచ్చిన సమయంలో పది పదిహేను పేర్లు గడగడా చదివేయొచ్చు. అలా చదివితే మీకు ఒక్కటీ గుర్తుండదు. అందుకని ఒక్క సినిమానే పట్టుకుంటాను. మిగతావి దారిలో తగిలితే తగులుతాయి.

ఆ సినిమా ‘సాక్షి’. 1967లో వచ్చింది. నలుపు తెలుపు సినిమా. బాపు గారు దర్శకత్వం చేసిన మొట్టమొదటి సినిమా. కథ ముళ్లపూడి వెంకటరమణ గారిది.

బాపు గారి సినిమా ఒకటి చెప్పమని శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో నిలబడి ఎవరినైనా అడగండి. ‘ముత్యాల ముగ్గు’ అంటారు. కాస్త పెద్దవాళ్లయితే ‘సంపూర్ణ రామాయణం’ అంటారు. ఆ తర్వాతి తరం వాళ్లు ‘పెళ్లి పుస్తకం’ అంటారు. ‘సాక్షి’ అనేవాళ్లు అరుదు. అప్పట్లో విమర్శకులు మెచ్చుకున్నారు, తాష్కెంట్ చలనచిత్రోత్సవం దాకా వెళ్లింది. అయినా తర్వాత వచ్చిన రంగుల సినిమాల వెనక ఈ చిన్న సినిమా మరుగున పడిపోయింది. నాకు మాత్రం బాపు గారి సినిమాలన్నింటిలోకీ ఇదే ఇష్టం. ఎందుకో చెప్తాను.

ముందు కథ. ముగింపు మాత్రం చెప్పను, అది మీరే చూడాలి.

గోదావరి సీమలో ఒక పల్లెటూరు. పులిదిండి అనే ఊళ్లో తీశారు. ఆ రోజుల్లో మన సినిమాలు చాలావరకు మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యేవి, పల్లెటూరు కావాలంటే సెట్టు వేసేవాళ్లు. వీళ్లు తిన్నగా ఊళ్లోకే వెళ్లారు. ఆ ఊళ్లో కిష్టయ్య అని ఒక కుర్రాడు. కృష్ణ గారు వేశారు, అప్పటికి ఆయన హీరో అయి రెండేళ్లే. కిష్టయ్య పని బల్లకట్టు నడపడం. ఈ ఒడ్డు వాళ్లని ఆ ఒడ్డుకీ, ఆ ఒడ్డు వాళ్లని ఈ ఒడ్డుకీ చేరవేయడం.

ఇక్కడ ఒక్క మాట. వంశధార, నాగావళి ఒడ్డున పుట్టి పెరిగిన వాళ్లకి ఈ పని సంగతి వేరే చెప్పక్కర్లేదు. వంతెనలు లేని చోట మన ఊళ్లకి నావే దిక్కు. నావ నడిపే మనిషి అందరికీ తెలుసు. పెళ్లివారిని దాటిస్తాడు, పురిటికి వెళ్లే ఆడపిల్లని దాటిస్తాడు, సంతకి వెళ్లే మేకల్ని కూడా దాటిస్తాడు. ఊరందరికీ కావలసినవాడే. కానీ ఊరి పెద్దలు కూర్చుని ఏదైనా తేల్చేటప్పుడు అతన్ని పిలిచి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. రమణ గారు తన కథకి సరిగ్గా అలాంటి మనిషిని ఎంచుకున్నారు.

ఆ ఊళ్లోనే ఫకీరు అని ఒక రౌడీ. జగ్గారావు గారు వేశారు. వాడంటే ఊరంతా హడల్. ఒకరోజు ఫకీరు ఒక మనిషిని చంపుతుంటే కిష్టయ్య కళ్లారా చూస్తాడు.

కిష్టయ్య వీరుడేమీ కాదు, పిరికివాడు. తన మానాన తాను బతికే అమాయకుడు. కానీ ఊరు వెనక నిలబడింది. చూసింది చెప్పమంది, ధైర్యం పోసింది. కిష్టయ్య కోర్టులో చూసింది చూసినట్టు చెప్పాడు. ఫకీరుకి శిక్ష పడింది. పీడ విరగడైందని ఊరు సంబరపడింది, కిష్టయ్యని మెచ్చుకుంది. ఫకీరు మాత్రం పగబట్టి వెళ్లాడు. కొన్నాళ్లకి వాడు జైలు నుంచి తప్పించుకున్నాడని కబురొచ్చింది. ఆ ఊళ్లోకే వస్తున్నాడు, కిష్టయ్య కోసమే వస్తున్నాడు.

అప్పుడు ఆ ఊరు ఏం చేసిందన్నదే ఈ సినిమా.

కిష్టయ్య ఒక్కొక్కరి దగ్గరా సాయం ఆశించాడు. వెనక నిలబడిన వాళ్లంతా పక్కకి తప్పుకున్నారు. మిగిలింది ఒకే ఒక్క మనిషి, చుక్క. విజయనిర్మల గారు. ఆ చుక్క ఎవరో కాదు, ఫకీరు సొంత చెల్లెలు. ఎవరిని చంపడానికి అన్న వస్తున్నాడో ఆ మనిషినే ప్రేమించింది.

విమర్శకులు ఈ సినిమాని 1952లో వచ్చిన ‘హై నూన్’ అనే హాలీవుడ్ సినిమాతో పోలుస్తారు. పోలిక ఉంది, కాదనను. పగ తీర్చుకోవడానికి వస్తున్న మనిషి, మొహం చాటేసే జనం అక్కడా ఉన్నారు. అయితే అక్కడి నాయకుడు మార్షల్. నడుముకి తుపాకీ ఉంది, దాన్ని వాడటం తెలుసు, నేరస్తుల్ని పట్టుకోవడం అతని ఉద్యోగం. మన కిష్టయ్యకి తుపాకీ లేదు, ఉద్యోగం లేదు, కొట్టడం రాదు. నిజం చెప్పాడు, అంతే. అందుకే నాకు ‘సాక్షి’ ఇంకా ఎక్కువ కష్టంగా అనిపిస్తుంది.

మొదటిసారి చూసేటప్పుడు మనకి ఒకటే టెన్షన్. ఫకీరు ఎప్పుడొస్తాడు? కిష్టయ్య బతుకుతాడా? మన కళ్లు కిష్టయ్యని వదలవు. అది సహజం, కథ అలాగే లాక్కెళ్తుంది. సినిమా అయిపోతుంది, అమ్మయ్య అనుకుంటాం.

రెండోసారి ఆ టెన్షన్ ఉండదు. ఏం జరుగుతుందో తెలుసు. అప్పుడు కళ్లకి తీరిక దొరుకుతుంది. ఆ తీరికతో ఊరిని చూడండి. కిష్టయ్యని కాసేపు వదిలేసి, అతని వెనక నిలబడ్డవాళ్లని చూడండి. సాక్ష్యం చెప్పకముందు ఎంత దగ్గరగా ఉన్నారు, ఫకీరు వస్తున్నాడని తెలిశాక ఎంత దూరంగా ఉన్నారు? ఎవరి మాట ముందు మారింది, ఎవరి చూపు ముందు తప్పుకుంది? బాపు గారు బొమ్మలు వేసిన మనిషి. బొమ్మలో ఎక్కడ గీత గీయాలో, ఎక్కడ ఖాళీ వదలాలో ఆయనకి బాగా తెలుసు. కిష్టయ్య చుట్టూ ఆ ఖాళీ ఎలా పెరుగుతూ వచ్చిందో రెండోసారి చూస్తే తెలుస్తుంది.

ఇంకో సంగతీ తెలుస్తుంది. ఆ ఊళ్లో ఫకీరు తప్ప చెప్పుకోదగ్గ దుర్మార్గులు లేరు. అందరూ పెళ్లాం పిల్లలున్న సంసారులు. మనకెందుకొచ్చిన గొడవ అనుకునేవాళ్లు. బస్టాండులో ఎవడో ఎవరినో కొడుతుంటే మనలో ఎంతమందిమి ఆగి చూస్తాం, ఎంతమందిమి బస్సెక్కేస్తాం? ఈ సినిమాలో ఊరిని చూస్తుంటే నాకు ఆ ప్రశ్న వదలదు.

ఈ సినిమా ఒకసారి మా మామ్మతో కలిసి చూశాను. ఆవిడ సినిమాల్లో విలన్లని నోరారా తిట్టే మనిషి. ఫకీరు కనపడ్డప్పుడల్లా తిడుతుందేమో అనుకున్నాను. ఏమీ అనలేదు. ఊరివాళ్లు తప్పుకుంటున్న చోట మాత్రం, “ఆ పకీరుగాడి పని తరవాత. ముందు ఈ ఊరోళ్లే సంపేస్తన్నారు కదరా ఆ గుంటడ్ని” అంది. బాపు రమణలు సినిమా మొత్తంలో చెప్పిందంతా ఆవిడ ఒక్క ముక్కలో పట్టేసింది. నేను ఎప్పుడు ఆ సినిమా చూసినా ఆ చోటికి వచ్చేసరికి మామ్మ గొంతే వినిపిస్తుంది.

ఇక పాట. ‘అమ్మ కడుపు చల్లగా, అత్త కడుపు చల్లగా’. ఈ పాట మనలో చాలామందికి తెలుసు, సినిమా తెలియని వాళ్లకి కూడా తెలుసు. రాసింది ఆరుద్ర గారు, కాలేజీ చదువుకి విజయనగరం వచ్చిన మనిషి. పాడింది పి. సుశీల గారు, విజయనగరం ఆడపడుచు. స్వరం కె.వి. మహదేవన్ గారిది. విడిగా వింటే చక్కని దీవెన పాట. పచ్చగా బతకమని చెప్పే పాట. సినిమాలో ఎక్కడొస్తుందో చూడండి. మరణం ఊరి పొలిమేర దాకా వచ్చేసింది. ఊరు వదిలేసింది. దీవించడానికి పెద్దవాళ్లెవరూ రాని కిష్టయ్య, చుక్కల పెళ్లిలో, ఆ దీవెన చుక్క నోట వస్తుంది. తాళి కట్టించుకుంటే తన మొహం చూసైనా అన్న వదిలేస్తాడని ఆ పిల్ల ఆశ. మొదటిసారి చూసినప్పుడు నాకు ట్యూన్ బాగుందనే అనిపించింది. తర్వాత చూసినప్పుడు, ఊరంతా కలిసి అనాల్సిన మాటలు ఆ పిల్ల ఒక్కతే అంటోందే అని గొంతు పట్టుకుంది. సుశీల గారు ఆ పాటలో ఎక్కడా ఏడవరు, గొంతు పైకెత్తరు. అంత నిబ్బరంగా పాడబట్టే మనకి ఏడుపొస్తుంది.

కృష్ణ గారు, విజయనిర్మల గారు కలిసి నటించిన మొదటి సినిమా కూడా ఇదే. తర్వాత నిజంగానే భార్యాభర్తలయ్యారు. ఈ ముక్క అందరూ చెప్తారు కాబట్టి నేను ఇంతటితో వదిలేస్తాను. మన ప్రాంతం వాళ్లు చెప్పుకోవాల్సింది ఇంకొకటుంది. విశాఖపట్నంలో ఆంధ్రా యూనివర్సిటీలో స్టెనోగ్రాఫర్‌గా పనిచేస్తూ నాటకాలు వేసిన రంగారావు గారు సినిమాల్లో అడుగుపెట్టింది ఈ సినిమాతోనే. ఆ పేరే ఆయనకి ఇంటిపేరైపోయింది. సాక్షి రంగారావు గారు. తర్వాత వందల సినిమాల్లో మనం చూసిన ఆ సన్నటి మనిషి ఈ ఊళ్లో ఎక్కడున్నాడో వెతకండి.

సినిమా వచ్చిన తర్వాత 51 ఏళ్లకి, 2018 డిసెంబరులో, సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు ఆమోదముద్ర వేసి దేశమంతా అమలు చేయమంది. సాక్ష్యం చెప్పే మనిషికి ప్రాణభయం ఉంటే పోలీసు కాపలా పెట్టాలని, అవసరమైతే వేరేచోటికి తరలించాలని, పేరు బయటికి రాకుండా చూడాలని అందులో ఉంది. కిష్టయ్య లాంటి వాళ్లకి కావలసింది అదే. రమణ గారు, బాపు గారు అంత ముందుగా ఆ సంగతి పట్టుకున్నారంటే వాళ్ల మీద నాకు గౌరవం ఇంకా పెరుగుతుంది.

సమయం దగ్గర పడుతోంది. మిగతావి త్వరగా చెప్తాను.

విజయనగరం వాళ్లకి ‘కన్యాశుల్కం’ నాటకం ప్రాణం. 1892లో మొదటిసారి ఆడింది అక్కడే. 1955లో వచ్చిన సినిమాని మాత్రం నాటకమంత బాగాలేదని పక్కన పెట్టేసే పెద్దవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. గిరీశంగా రామారావు గారు మాట్లాడుతుంటే, రామప్పపంతులుగా సి.ఎస్.ఆర్. గారు మాట్లాడుతుంటే, మనం మాట్లాడేవాళ్లనే చూస్తాం. రెండోసారి వింటున్న మనిషిని చూడండి. మధురవాణిని చూడండి. అదే ఏడాది ‘మిస్సమ్మ’లో ముక్కు మీద కోపంతో నడిచిన సావిత్రి గారే ఇక్కడ వినడం ఒక్కటే పనిగా ఎంత నటించారో చూడండి.

టీవీలో ‘మాల్గుడి డేస్’. శంకర్ నాగ్ గారు కర్ణాటకలోని ఆగుంబేలో తీశారు. దూరదర్శన్‌లో వచ్చిన రోజుల్లో మన ఇళ్లలో హిందీ సగమే అర్థమయ్యేది, అయినా కదలకుండా చూశాం. అప్పుడు మేమంతా అందులోని స్వామి అనే పిల్లాడి పక్షం. వాళ్ల నాన్నగా గిరీష్ కర్నాడ్ గారు గదమాయిస్తే మాకు కోపమొచ్చేది. ఇప్పుడు మళ్లీ చూడండి, ఆ నాన్ననే చూడండి. పిల్లల తండ్రులకి ఆ మొహంలో చాలా కనిపిస్తుంది.

మన పక్కనే ఉన్న విశాఖలో, కంచరపాలెం అనే పేటలో, ఎక్కువగా అక్కడి వాళ్లతోనే తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’ 2018లో వచ్చింది. దాని చివర్లో ఒక సంగతి తెలుస్తుంది, తెలియని వాళ్లకి నేను చెప్పకూడదు. తెలిసినవాళ్లు మాత్రం ఇంకోసారి మొదటి నుంచి చూడండి. ఆఫీసులో అటెండరుగా పనిచేసే రాజుని చూడండి. పెళ్లి మాటెత్తినప్పుడు అతను ఎందుకలా నవ్వి ఊరుకుంటాడో ఈసారి మీకు తెలిసి ఉంటుంది.

చివరగా, ఎలా చూడాలన్నది. ‘సాక్షి’తోనే మొదలుపెట్టండి. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూడొద్దు, కిష్టయ్య చుట్టూ ఉన్న జనం అంత చిన్న తెర మీద ఆనరు. టీవీకి కలుపుకుని ఇంటిల్లిపాదీ కూర్చుని చూడండి. పాట రాగానే ముందుకి జరిపేయకండి, ఇందులో పెళ్లి జరిగేది పాటలోనే. ఇంట్లో మామ్మో తాతో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి, మధ్యలో వాళ్లేమైనా అంటే ఆపి వినండి. మొదటిసారి చూసిన వెంటనే కాకుండా ఒక వారం పది రోజులు ఆగి రెండోసారి చూడండి. ఆ రెండోసారి, ఊరివాళ్లలో ఒక్క మొహాన్ని ఎంచుకుని మొదటి నుంచి చివరి దాకా వదలకుండా చూడండి. ఎవరిని ఎంచుకున్నారో, ఆ మనిషి ఏ చోట పక్కకి తప్పుకున్నాడో ఒక కార్డు మీద రాసి ఈ కేంద్రానికి పంపండి. నాకు చదవాలని ఉంది.

సెలవు.