పెరట్లో రెండు పుంజులు: ఓడినదానికి పారిపోయే దారి ఉందా?

నమస్కారం. రెండు మూడు నెలల కింద పది కోడిపిల్లలు తెచ్చుకున్నవాళ్ల పెరట్లో ఇప్పుడు నాలుగో ఐదో పుంజులు తేలి ఉంటాయి. అమ్మినవాడు మోసం చేశాడని తిట్టుకోకండి. నాటు పిల్లలైనా, మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా అయినా, గ్రామప్రియ అయినా, ఏరకుండా అమ్మే పిల్లల్లో సగానికి అటూ ఇటూగా పుంజులే ఉంటాయి. ఒక రోజు పిల్లను పట్టుకుని పుంజో పెట్టో చెప్పడం మామూలు మనిషి వల్ల కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు నెత్తి మీది జుట్టు, అంటే కండ తురాయి, ఎర్రబడటం మొదలైతే అనుమానించండి. పది, పన్నెండు వారాలకు నడుము మీద, తోక మొదట్లో సన్నగా, కొన తేలి వేలాడే ఈకలు వస్తాయి. ఆ ఈకలు కనబడ్డాయంటే ఇక పుంజే.

అప్పటిదాకా అన్నీ ఒకే పళ్లెంలో మక్క నూకలు తింటూ బుద్ధిగానే ఉంటాయి. గొంతు విప్పి కూయడం మొదలయ్యాక, అంటే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, లెక్క మారుతుంది. అందుకే ఎన్ని ఉంచాలి, ఎన్ని పంపాలి అన్నది మూడో నెల దాటకముందే తేల్చుకోండి. రక్తం కారాక తేల్చుకుందాంలే అనుకుంటే, అప్పుడు మీరు తేల్చేది ఏమీ ఉండదు, అవే తేల్చేసుకుంటాయి.

ముందు అసలు ప్రశ్న. మీకు గుడ్లు మాత్రమే కావాలా? అయితే ఒక్క పుంజు కూడా అక్కర్లేదు. పుంజు లేకపోతే పెట్ట గుడ్డు పెట్టదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. మనం కిరాణా కొట్లో కొనే గుడ్లు దాదాపు అన్నీ పుంజు మొహం చూడని పెట్టలు పెట్టినవే. పిల్లలు కావాలంటేనే పుంజు కావాలి. పది పెట్టల దాకా ఒక్కటి చాలు. పందెం కోళ్ల రకమైన అసీల్ లాంటి బరువు జాతికి ఆరు నుంచి ఎనిమిది పెట్టలకు ఒకటి, ఒళ్లు తేలికగా ఉండే రకాలకు పది, పన్నెండు పెట్టలకు ఒకటి.

ఈ లెక్క తప్పితే దెబ్బ పడేది పుంజుల మీద కాదు, ముందు పెట్టల మీద పడుతుంది. ఐదు పెట్టలకు రెండు పుంజులు ఉన్నాయనుకోండి. ఒకటి తొక్కి దిగగానే రెండోది ఎక్కుతుంది. అందులోనూ రెండింటికీ నచ్చే పెట్ట ఒకటి ఉంటుంది, పాపం దాని పని అయిపోయినట్టే. ఇప్పుడు చూపిస్తున్న ఈ పెట్ట వీపు చూడండి. మెడ వెనక పుంజు ముక్కుతో పట్టుకున్న చోట, నడుము మీద గోళ్లు ఆనించిన చోట ఈకలు ఊడి తోలు బయటపడింది. ఈకలు ఊడటం వరకు ఫరవాలేదు, మళ్లీ వస్తాయి. మీరు రెక్క ఎత్తి కింద పక్కటెముకల మీద చూడాలి. పుంజు కాలి వెనక పెరిగే ముల్లు దిగితే అక్కడే చీరుకుంటుంది, రెక్క మూసి ఉంటుంది కాబట్టి వాసన వచ్చేదాకా తెలియదు. వారానికి ఒకసారి, రాత్రి గూట్లో పడుకున్నాక టార్చి పెట్టుకుని ప్రతి పెట్టనూ ఎత్తి చూడండి. వీపుకు జీన్స్ గుడ్డతో చిన్న జీను లాంటిది కుట్టి, రెక్కల మొదట్లో ఎలాస్టిక్‌తో తొడగొచ్చు. ఏప్రిల్, మేలో మాత్రం వద్దు. మన ఎండకు ఆ గుడ్డ కింద ఉడికిపోతుంది, పేలు కూడా అక్కడే చేరతాయి.

సరే, పదహారు పెట్టలున్నాయి, లెక్క ప్రకారం రెండు పుంజులు పెట్టొచ్చు కదా అంటారు. లెక్క ఒప్పుకుంటుంది, జాగా ఒప్పుకోదు. ఈ మాట కాస్త వివరంగా చెప్పాలి.

రెండు పుంజులు పోట్లాడుకోవడం తప్పేం కాదు. మెడ ఈకలు గొడుగులా విప్పి ఎదురెదురుగా నిలబడతాయి, రెండు మూడు సార్లు ఎగిరి తంతాయి, ఒకటి తల దించి పక్కకు తిరిగి వెళ్లిపోతుంది. అంతటితో అయిపోయినట్టే. ఓడిన పుంజుకు లొంగిపోయానని చెప్పడానికి ముఖ్యమైన పద్ధతి గెలిచినదాని కంటికి దూరంగా పోవడం. పల్లెలో అయితే గడ్డివాము వెనక్కో, చెట్ల చాటుకో పోతుంది, అరగంటకు ఇద్దరూ మర్చిపోతారు. ఇక్కడ హైదరాబాద్ శివార్లలో, బోడుప్పల్‌లోనో, కాప్రాలోనో రెండు వందల గజాల ఇంటి వెనక మిగిలేది ఎంత? మహా అయితే పది అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవు. మూడు వైపులా గోడ. ఓడింది పరుగెత్తి మూలకు చేరుతుంది, అక్కడి నుంచి పోవడానికి దారి లేదు. గెలిచినదానికి అది ఇంకా కళ్ల ముందే ఉంది, అంటే ఇంకా ఎదురు నిలబడి ఉన్నట్టే లెక్క. వెళ్లి తల మీద పొడుస్తూనే ఉంటుంది. పుంజులు చచ్చేది, కన్ను పోగొట్టుకునేది ఎక్కువగా ఇలాంటి మూలల్లోనే.

కోడికి బయట పది చదరపు అడుగులు, గూట్లో మూడు నుంచి నాలుగు అని చెబుతుంటారు. ఆ ప్రకారం 200 చదరపు అడుగుల్లో ఇరవై కోళ్లు పడతాయి, పదహారు పెట్టలు, రెండు పుంజులు హాయిగా సరిపోవాలి. కానీ అది పరుగెత్తాల్సిన అవసరం లేని కోళ్ల లెక్క. రెండు పుంజులు కలిసి తిరగాలంటే దానికి రెట్టింపు జాగా లేకుండా మొదలుపెట్టకండి. లేదంటే రెండోది వేరే గూట్లో ఉండాలి, అదెలాగో చెబుతాను.

జాగా ఉన్నవాళ్లు ముందు మూలలు పూడ్చండి. గోడలు కలిసే చోట మూడడుగుల రేకు ముక్కను ఏటవాలుగా నిలబెడితే మూల పోయి వంపు అవుతుంది, పరుగెత్తే పుంజు ఆగకుండా తిరిగి వెళ్తుంది. తర్వాత చాటు కల్పించండి. పాత తలుపు చెక్కో, ప్లైవుడ్ ముక్కో రెండున్నర అడుగుల ఎత్తు, నాలుగు అడుగుల పొడవు ఉండేలా నిలబెట్టి, రెండు చివర్లా అడుగున్నర దారి వదలండి. ఇలాంటివి రెండు మూడు కావాలి. డ్రమ్ము అడ్డంగా పడేసి, దాక్కుంటుందిలే అనుకోవద్దు. ఒకే నోరున్నదేదైనా ఇంకో మూలే. దాణా పళ్లెం, నీళ్ల తొట్టి చెరో చోట, ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనబడకుండా పెట్టండి. గూట్లో పడుకునే కర్రలు అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎత్తుగా ఉందంటే రోజూ సాయంత్రం ఆ కర్ర కోసం గొడవే. పెట్టకు పది అంగుళాలు, పుంజుకు అడుగు చొప్పున కర్ర పొడవు లెక్కేసుకోండి.

దాణా గురించి ఒక్క మాట. గుడ్లు పెట్టే కోళ్ల కోసం అమ్మే లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర, నాలుగు శాతం దాకా ఉంటుంది. గుడ్డు పెట్టని పుంజుకు అది నెలల తరబడి పెడితే మూత్రపిండాలు చెడతాయి. అన్నింటికీ ఎదిగే కోళ్ల కోసం అమ్మే గ్రోవర్ దాణా పెట్టి, కాల్షియం కోసం గుల్ల పొడి వేరే గిన్నెలో ఉంచండి. కావాల్సిన పెట్టలే దాన్ని తింటాయి, పుంజులు పెద్దగా ముట్టవు.

కలిసి ఉండటానికి అవకాశం ఎక్కువున్నవి ఒకేసారి పొదిగిన గుడ్లలోంచి పుట్టి, ఎప్పుడూ విడిపోకుండా పెరిగిన పుంజులు. ఇందులో అసీల్‌ను కలపకండి. అన్నదమ్ములైనా సరే, పెద్దయ్యాక రెండు అసీల్ పుంజులను ఒకే చోట వదిలితే ఓడింది కూడా పారిపోదు, ఆ జాతి స్వభావమే అది. మిగతా రకాల్లో కూడా ఒక పుంజును జబ్బు చేసిందనో, ఊరికి తీసుకెళ్లారనో వారం రోజులు వేరు చేసి తెచ్చారంటే అది కొత్త పుంజు కిందే లెక్క, పోట్లాట మళ్లీ మొదటి నుంచి. బయట కొన్నదైతే, పాతబస్తీ ముర్గీ చౌక్‌లో కొన్నా, బంధువులిచ్చినా, నెల రోజులు పూర్తిగా దూరంగా ఉంచండి. కొక్కెర తెగులు (రాణిఖేత్ జబ్బు) ఉందేమో ఆ నెలలో బయటపడుతుంది. ఆ తర్వాత రెండు వారాలు జాలీకి అటొకటి ఇటొకటి. చివరికి వదిలేది పొద్దున కాదు, చీకటి పడటానికి గంట ముందు, రెండింటినీ ఒకేసారి, గింజలు విరివిగా చల్లి. గొడవ వచ్చినా చీకటే ఆపేస్తుంది.

ఒకవేళ ఆగకపోతే? ఓడింది తల దించినా గెలిచింది వదలకపోయినా, రెండింట్లో ఏదీ వెనక్కి తగ్గకపోయినా విడదీయాల్సిందే. మధ్యలో చేయి పెట్టకండి, ముల్లు మీ మణికట్టులో దిగుతుంది. ఒకదాని మీద గంప బోర్లించండి, గంప లేకపోతే గోనె సంచి వేయండి. కళ్లకు చీకటైతే అక్కడికక్కడే చల్లబడుతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో టీ చెంచాన్నర ఉప్పు వేసి దెబ్బలు కడిగి, పోవిడోన్ అయోడిన్ రాయండి. కన్నుకు తగిలితే పశువుల ఆసుపత్రికే. పుండు ఎండేదాకా మందలో వదలకండి, ఎర్రగా కనబడితే పెట్టలు కూడా పొడుస్తాయి. వానాకాలంలో ఈగలు వాలి పురుగులు పడతాయి కాబట్టి దోమతెర ఉన్న చోట ఉంచండి.

చిన్న పెరట్లో రెండు పుంజులు కావాలనుకునేవాళ్లకు మేం చెప్పేది రెండోదాన్ని వేరే గూట్లో పెట్టమనే. రెండోది ఉండటం మంచిదే, కుక్కో ముంగిసో ఒకదాన్ని ఎత్తుకుపోయినా పిల్లలకు ఢోకా ఉండదు. ఆ గూడు నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు, చుట్టూ అర అంగుళం వెల్డ్ మెష్, అంటే ఇనుప జాలీ. కింది రెండున్నర అడుగులు మాత్రం చెక్కతో మూసేయండి. అలవాటు చేసే రెండు వారాలకు జాలీ మంచిదే, కానీ ఏడాదంతా ఒకదానికొకటి కనబడుతుంటే జాలీ గుండానే కొట్టుకుని జుట్టు చీల్చుకుంటాయి. పెట్టలు అసలే కనబడని చోట, అసీల్ కానివైతే, పుంజులన్నీ కలిపి ఉంచినా చాలావరకు సర్దుకుంటాయి. వారం ఒకటి, వారం ఒకటి మందలోకి వదలొచ్చు, రెండూ ఒకేసారి మాత్రం బయటికి రాకూడదు.

ఇలా మార్చి మార్చి వదిలేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పెట్ట ఒంట్లో పుంజు వీర్యం రెండు, మూడు వారాలు నిలవ ఉంటుంది. ఫలానా పుంజు పిల్లలే కావాలంటే, మొదటిదాన్ని తీసేసి మూడు వారాలు ఆగాకే గుడ్లు పొదగేయండి. వారానికే పొదగేసి, తండ్రి పోలిక రాలేదంటే ఆ తప్పు పుంజుది కాదు.

ఇక కూత. కూసేదాన్ని పంపేస్తే గోల తగ్గుతుందనుకుంటారు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో తేల్చింది ఏమిటంటే, తెల్లవారగట్ల మొదట కూసేది మందలో పెద్ద పుంజు, మిగతావి హోదా ప్రకారం దాని వెనకే కూస్తాయి. పెద్దదాన్ని తీసేస్తే రెండోది మొదలుపెడుతుంది. కూత వాటి ఒంట్లోని గడియారం పని కాబట్టి గూటికి నల్లగుడ్డ కప్పితే తగ్గుతుంది గానీ ఆగదు. గాలి ఆడకుండా మూస్తే మే నెలలో కోడే మిగలదు. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లుండే చోట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా పరిమితి 45 డెసిబెల్స్, పుంజు కూత దగ్గర నుంచి 100 దాటుతుంది. గూడు పక్కింటివాళ్ల పడకగది గోడకు ఆనించకండి. మెడకు బిగించే పట్టీలు వద్దే వద్దు, మింగిన గింజ అక్కడే ఆగిపోతుంది.

ఏడాది దాటిన పుంజు కాలి ముల్లు పెరిగి కొన తేలితే చివరి పావు అంగుళం మాత్రం ఆకురాయితో అరగదీయండి. లోపల ఎముక, రక్తం ఉంటాయి, కత్తిరించబోతే ఆగకుండా కారుతుంది. కారితే పటిక పొడి అద్ది నొక్కి పట్టండి.

ఏది ఉంచాలి అంటే బరువైనదాన్ని చూడకండి. గింజ దొరికితే తాను మింగకుండా కొక్కొక్కుమని పెట్టలను పిలిచేదాన్ని, మీ కాళ్ల మీదికి రానిదాన్ని ఉంచండి. మిగిలినవాటిని ఐదు నుంచి ఏడు నెలల్లో అమ్మేయండి. సంక్రాంతికి ముందు అసీల్ పుంజుల కోసం వచ్చేవాళ్లతో జాగ్రత్త. కోళ్లను పందేనికి ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. కూరకు కొనేవాళ్లు ముందు తూకం అడుగుతారు. పందెంవాళ్లు ముల్లు, కన్ను, కాలి పట్టు చూస్తారు.