గేరు మారేది న్యూట్రల్‌లోనే
హైదరాబాద్ ఆటోనగర్‌లో హెవీ లైసెన్సు కోసం నేర్చుకుంటున్నవారికి చేసిన ప్రసంగ పాఠం

అన్నలకు, తమ్ముళ్లకు, వెనక వరసలో కూర్చున్న చెల్లెళ్లకు నమస్కారం.

మీ అందరికీ కారు నడపడం వచ్చు. రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇవ్వాలంటే అప్పటికే కనీసం ఏడాదిగా లైట్ మోటారు వాహనం లైసెన్సు ఉండాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఆ కారు అలవాటే ఇక్కడ మీకు మొదటి అడ్డంకి. కారులో క్లచ్ తొక్కి రాడ్డు లాగితే గేరు పడుతుంది. 28 టన్నుల టిప్పర్‌లో అదే ఊపుతో లాగితే కర్రుమంటుంది. ఎందుకంటుందో తెలిస్తే సగం పని నేర్చినట్టే.

గేర్‌బాక్సులో ఒక తిరుగుడు ఇంజను వైపుది, ఇంకొకటి చక్రాల వైపుది. బండి ఎంత వేగంలో ఉంటే చక్రాల వైపు అంత తిరుగుతుంది, దాన్ని ఆ క్షణంలో మనం మార్చలేం. మార్చగలిగేది ఇంజను వైపుదే. నాలుగో గేరుకూ అయిదో గేరుకూ మధ్య తేడా 1.4 రెట్లు అనుకుందాం. నాలుగులో ఇంజను 1,700 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతున్నప్పుడు అయిదు వేయాలంటే, అదే వేగంలో అది సుమారు 1,200కి దిగాలి. లారీలో క్లచ్ ప్లేటు పెద్దది, లోపలి పళ్ల చక్రాలు బరువైనవి. వాటి జోరు తగ్గడానికి కాస్త సమయం పడుతుంది. ఆ కాస్త సేపూ రాడ్డు న్యూట్రల్‌లో ఆగాలి. గేరు నిజంగా మారేది అక్కడే.

వేగాలు కలపడానికి గేర్‌బాక్సులోనే సింక్రో అనే ఏర్పాటు ఉంది కదా అంటారు. ఉంది. దాని రింగు ఎదుటి కోనుకు రాసుకుని రెండు వేగాలనూ కలుపుతుంది. మీరు ఆగకుండా తోస్తే ఆ పనంతా రింగు మీదే పడుతుంది. అది అరిగితే మొదట గేరు గట్టిగా పడుతుంది, తర్వాత కర్రుమంటుంది, చివరికి పళ్లు దెబ్బతిని పడ్డ గేరు దానంతటదే ఎగిరిపోతుంది. కాబట్టి రాడ్డును పిడికిలితో పట్టకండి. అరచేయి, వేళ్లు చాలు. దాన్ని ఆ గేరు దారికి ఆనించి మెల్లగా ఒత్తుతూ ఉండండి. వేగాలు కలిసిన క్షణంలో అడ్డు తొలగినట్టు అదే లోపలికి జారుతుంది. అలా జారడం మీ చేతికి తెలియాలి, నోటితో చెప్తే వచ్చేది కాదు.

పై గేరు నుంచి కిందికి రావడం అసలైన పరీక్ష. అయిదులో 1,200 దగ్గరుంటే, నాలుగుకు ఇంజను వైపు మళ్లీ 1,700 దాకా లేవాలి. దానికి డబుల్ క్లచ్ నేర్చుకోండి. క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలేయండి. న్యూట్రల్‌లో ఉండగానే ఒక్కసారి రేస్ ఇచ్చి, ఇంజను లేవగానే మళ్లీ క్లచ్ తొక్కి నాలుగు వేయండి. మధ్యలో క్లచ్ వదలకపోతే మీరిచ్చిన రేస్ గేర్‌బాక్సు దాకా చేరదు, ఇంజను ఒక్కటే అరుస్తుంది. సింక్రో బాగున్న కొత్త బండికి ఇది తప్పనిసరి కాదు, కానీ నిండు లోడుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇదే ఆదుకుంటుంది.

మన హైదరాబాద్ బల్లపరుపు ఊరు కాదు, దక్కన్ గుట్టల మీద లేచిన ఊరు. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ర్యాంపు మొదలుకాక ముందే గేరు దించండి. ర్యాంపు మధ్యకు వచ్చాక ఇంజను 1,100 కంటే కిందికి పడిపోతే, మీరు న్యూట్రల్‌లో ఉన్న ఆ కాసేపట్లోనే బండి వేగం పోతుంది, అనుకున్న గేరు ఇక పనికిరాదు. గేరు తప్పిందంటే వెతుకుతూ కూర్చోవద్దు. బ్రేకు వేసి ఆపండి, హ్యాండ్ బ్రేకు లాగి మొదటి గేరుతో మళ్లీ ఎత్తుకోండి. క్లచ్ సగం తొక్కి, ఆ హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టారా, ప్లేటు కాలిన వాసన వెనకొచ్చే ఆటోవాలాకు కూడా తెలుస్తుంది.

తొమ్మిది గేర్ల బండిలో కింద క్రాలర్ అనే అతి నెమ్మది గేరు, ఆపైన నాలుగేసి గేర్ల రెండు వరసలుంటాయి. చాలా టిప్పర్లలో నాలుగు నుంచి అయిదుకు పోవాలంటే న్యూట్రల్‌లోకి రాగానే రాడ్డును అరచేత్తో కుడివైపుకు ఒక దెబ్బ తట్టాలి. అప్పుడు బండి ట్యాంకులో ఒత్తిడితో నిండిన గాలి వరస మారుస్తుంది. గేజిలో గాలి తక్కువుంటే వరస మారదు. వేగంగా పోతూ పొరపాటున పై వరస నుంచి కింది వరసకు తట్టి క్లచ్ వదిలితే ఇంజను హద్దు దాటి తిరిగి, వాల్వులు పిస్టన్లకు తగిలే ప్రమాదం ఉంది. ఈ ఒక్క తప్పుకు భయపడండి.

శ్రీశైలం దారిలో దోమలపెంట దాటాక డ్యామ్‌కు దిగే ఘాట్ చూసే ఉంటారు. అలాంటి దిగుడుకు ముందే చిన్న గేరు వేసి, ఇంజను పొగదారిని మూసి బండిని నెమ్మదింపజేసే ఎగ్జాస్ట్ బ్రేకు ఆన్ చేసుకుని దిగాలి. న్యూట్రల్‌లో వదిలితే డీజిల్ మిగులుతుందన్నది పూర్తిగా తప్పు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లలో డీజిల్ పోయడమే ఆగుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఐడిల్‌లో నడవడానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. పైగా భారమంతా బ్రేకుల మీద పడి డ్రమ్ములు కాగుతాయి, ఎంత తొక్కినా పట్టు దొరకదు. దయచేసి ఎవరి మాటా విని అలా దిగకండి.

కొన్ని చిన్న సంగతులు. గేరు వేశాక చెయ్యి స్టీరింగు మీదకి రావాలి. రాడ్డు మీదే ఆనించి ఉంచితే లోపల గేరును జరిపే ఫోర్కు, తిరిగే స్లీవుకు రాసుకుని అరిగిపోతుంది. ఎడమ కాలు క్లచ్ పెడల్ మీద విశ్రాంతి తీసుకుంటే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు పోతుంది. రివర్సుకు సాధారణంగా సింక్రో ఉండదు, కాబట్టి బండి పూర్తిగా ఆగాలి, క్లచ్ తొక్కి రెండు మూడు సెకన్లు ఆగాలి. అయినా కర్రుమంటే తప్పు మీది కాకపోవచ్చు, క్లచ్ పూర్తిగా విడవడం లేదేమో, క్లచ్ ఆయిల్ లైనులో గాలి చేరిందేమో మెకానిక్‌కు చూపించండి.

బయట ఖాళీ టిప్పర్ ఉంది. ఇవాళ ఒక్కొక్కరికీ రెండు నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు మాత్రమే, పదేసి సార్లు. మీటరు వైపు చూడకండి, ఇంజను శబ్దం వినండి. పక్కనున్నవాళ్లు న్యూట్రల్‌లో ఆగిన ప్రతిసారీ పైకి ‘ఒకటి’ అనండి. రండి, బండి ట్యాంకులో గాలి నిండేలోపు వరసలో నిలబడదాం.