సజెషన్: సగం చెప్పి వదిలేసే మాట

[స్క్రీన్ మీద ఒకటే పదం: సజెషన్]

"జస్ట్ సజెషన్ అండీ, ఆపైన మీ ఇష్టం." ఈ ముక్క ఎవరైనా అన్నాక నిజంగా మన ఇష్టం ఎంత మిగులుతుందో ఎప్పుడైనా గమనించారా? పక్క సీటు కొలీగ్ అంటే నవ్వి ఊరుకుంటాం. అదే మాట మేనేజర్ నోట్లోంచి వస్తే సాయంత్రంలోగా పని అయిపోతుంది. హిప్నాటిస్టు ఇచ్చేదాన్నీ సజెషనే అంటారు, కోర్టులో లాయర్ వేసే ఒక రకం ప్రశ్నలోనూ అదే దాగి ఉంటుంది, సెర్చ్ బాక్సులో నాలుగక్షరాలు కొట్టేలోపు కింద వచ్చి పడే లిస్టుకీ అదే పేరు. ఇన్ని పనులకి ఒకే మాటేంటి అనిపిస్తుంది గానీ, కాస్త దగ్గరగా చూస్తే అన్నిట్లోనూ జరిగేది ఒక్కటే. చెప్పేవాళ్లు సగంలో ఆగుతారు, మిగతాది వినేవాళ్లు పూర్తి చేస్తారు. తెలిసి పూర్తి చేస్తున్నామా, తెలియకుండా చేసేస్తున్నామా అన్న దగ్గరే అసలు తేడా అంతా.

మాట పుట్టుక గురించి ఒక్క నిమిషం. లాటిన్‌లో సబ్ అంటే కింద, గెరెరె అంటే మోయడం, తేవడం. కలిపితే కింద నుంచి తెచ్చి అందించడం. నాటకంలో డైలాగ్ మర్చిపోయినవాడికి తెర వెనక నుంచి 'మాట అందించాడు' అంటాం చూడండి, దాదాపు అదే. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో, అంటే 14వ శతాబ్దంలో, ఈ మాటకి అంత మంచి పేరేం లేదు. మనిషిని చెడు వైపు పురిగొల్పడం, సైతాను చెవిలో ఊదడం లాంటి అర్థంలో కూడా వాడేవారు.

[స్క్రీన్ మీద: రోజువారీ సజెషన్]

సరే, రోజూ వాడే అర్థానికి వద్దాం. ఆర్డర్ అంటే కాదనే వీలుండదు. సలహా అంటే చెప్పేవాళ్లకి మనకంటే ఆ విషయం బాగా తెలుసన్న ధీమా ఉంటుంది, అందుకే లాయర్ సలహా, డాక్టర్ సలహా అంటాం. సజెషన్‌కి ఆ ధీమా కూడా అక్కర్లేదు. ఇలా కూడా చెయ్యొచ్చేమో అని ఒక దారి చూపించి పక్కకి తప్పుకోవడమే.

మన తెలుగులో దీనికి ఎన్ని రూపాలున్నాయో చూడండి. "ఓసారి ఫోన్ చేసి చూడరాదూ?" "రేపు వెళ్తే పోలా?" "ఆయన్నే అడగొచ్చుగా." "కాస్త ఆగితే బావుంటుందేమో." ఒక్కదాంట్లో కూడా 'చెయ్యి', 'వెళ్లు' అన్న క్రియ నేరుగా లేదు. చివర ఒక ప్రశ్నో, ఒక 'ఏమో'నో, ఒక 'గా'నో తగిలించి వదులుతాం, ఆ తోక తీసేశామంటే ఆర్డర్ అయి కూర్చుంటుంది. అవతలివాళ్లకి కాదనడానికి చోటు ఉంచుతున్నది ఆ తోకే.

మరి మేనేజర్ సజెషన్ సంగతి? అందులో వ్యాకరణం సజెషన్‌ది, బరువు ఆర్డర్‌ది. తేల్చుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. కాదంటే ఏమవుతుందో ఆలోచించండి. సంజాయిషీ చెప్పుకోనక్కర్లేకుండా వదిలెయ్యగలిగితే అది సజెషన్. "ఏమైంది, మొన్న చెప్పాను కదా?" అని మళ్లీ అడుగుతారన్న టెన్షన్ ఉంటే అది మెత్తగా చెప్పిన ఆర్డర్. నన్నడిగితే, ఆర్డర్ ఇవ్వదలుచుకున్నవాళ్లు ఆర్డరే ఇచ్చేస్తే అందరికీ హాయి. లేకపోతే కింద ఉన్నవాళ్లకి పని చెయ్యడంతో పాటు, అసలు చెయ్యాలా వద్దా అని మొహం చదువుకునే పని కూడా పడుతుంది.

ఇంగ్లీషులో రాసేటప్పుడు మనవాళ్లు చాలామంది జారే చోటు ఒకటుంది, అదీ చెప్పేసి ముందుకెళ్తా. 'నాకు మంచి పుస్తకం సజెస్ట్ చెయ్యండి' అని తెలుగులో ఆలోచించి 'సజెస్ట్ మీ ఎ గుడ్ బుక్' అని రాసేస్తాం. ఇంగ్లీషులో సజెస్ట్ వెంటనే వస్తువు రావాలి, మనిషి కాదు. 'సజెస్ట్ ఎ గుడ్ బుక్' చాలు, మనిషిని తేవాలనుకుంటే 'టు మీ' అని చివర పెట్టుకోవచ్చు. అలాగే 'సజెస్ట్ టు గో' అనరు, 'సజెస్ట్ గోయింగ్' అంటారు.

ఆఫీసుల్లో గోడకి తగిలించి ఉండే సజెషన్ బాక్స్ గురించి కూడా ఒక ముక్క. 1721లో జపాన్‌ని ఏలుతున్న షోగున్ తొకుగావా యోషిమునే, ఎడో అనే నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మామూలు జనం కూడా చీటీలు రాసి వెయ్యడానికి మెయసుబాకో అనే పెట్టె పెట్టించాడు. ఒగావా షోసెన్ అనే వైద్యుడు పేదవాళ్లకి వైద్యశాల కావాలని అందులో రాసి వేస్తే, మరుసటి ఏడాది, 1722లో, కొయిషికావా అనే చోట నిజంగానే కట్టించారు. చాలా ఆఫీసుల్లో పెట్టె ఉంటుంది గానీ దాని తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

[స్క్రీన్ మీద: చెప్పకనే చెప్పడం]

ఇక రెండో అర్థం, నాకు బాగా ఇష్టమైనది. మాటల్లో లేనిది మనసుకి తట్టడం. తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన వ్యాసంలో దీనికి ఒక మంచి ఉదాహరణ ఇచ్చాడు. ఫిలాసఫీ ఉద్యోగానికి అప్లై చేసిన విద్యార్థి గురించి వాళ్ల ప్రొఫెసర్‌ని అభిప్రాయం అడిగితే, ఇంగ్లీషు బాగా వచ్చు, క్లాసులకి క్రమం తప్పకుండా వచ్చేవాడు అని మాత్రం రాసి ఊరుకున్నాడట. అబద్ధం ఒక్కటీ లేదు, చెడ్డ మాటా లేదు. అయినా ఆ ఉత్తరం చదివినవాళ్లు ఆ అబ్బాయికి ఉద్యోగమిస్తారా?

మన అలంకారశాస్త్రం వాళ్లు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. 9వ శతాబ్దంలో కాశ్మీర్‌లో ఆనందవర్ధనుడు దీనికి ధ్వని అని పేరు పెట్టి, కావ్యానికి ఆత్మ ఇదే అన్నాడు. ఇంగ్లీషులో ధ్వని సిద్ధాంతం గురించి రాసే పండితులు వాడే మాట సజెషనే. మాటకి నిఘంటువు ఇచ్చే అర్థం వాచ్యార్థం, అది పొసగనప్పుడు పక్కకి జరిగి వచ్చేది లక్ష్యార్థం, ఈ రెండూ దాటి స్ఫురించేది వ్యంగ్యార్థం. ఇప్పుడు వ్యంగ్యం అంటే మనకి వెటకారమే గుర్తొస్తుంది గానీ శాస్త్రంలో ఆ మాటకి ఎత్తిపొడుపుతో సంబంధం లేదు.

11వ శతాబ్దపు ఆలంకారికుడు మమ్మటుడి గ్రంథంలో దీనికి ఒక ఉదాహరణ ఉంది. "సూర్యుడు అస్తమించాడు." అంతే వాక్యం. సేనాపతి వింటే శత్రువు మీద పడే సమయం వచ్చింది అని. కూలీ వింటే పని ఇక చాలు అని. ఆవుల్ని కాసేవాడికి ఇంటికి తోలమని. ప్రియుడి కోసం ఎదురు చూసే అమ్మాయికి, ఇంకా రాలేదే అని. వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు, వినేవాళ్లు మారారు, ఎవరి సగం వాళ్లు తెచ్చుకున్నారు.

ఇక్కడే చెప్పేవాడికి ఒక సౌకర్యం కూడా ఉంది. "నేనలా అన్నానా?" అని తప్పుకోవచ్చు. నర్మగర్భంగా మాట్లాడేవాళ్లంతా బతికేది ఆ సందులోనే.

[స్క్రీన్ మీద: వాసన లేని వాసన]

ఇప్పుడు మనస్తత్వశాస్త్రంలో సజెషన్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే మిగతా సగాన్ని మనకి తెలియకుండానే పూర్తి చేసేది ఇక్కడే.

1899. అమెరికాలోని వయోమింగ్ యూనివర్సిటీలో ఎడ్విన్ స్లాసన్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్, పాఠం మధ్యలో ఒక సీసా తీసి, దూది మీద ఒంపుతాడు. ఒంపేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాడు. చేతిలో స్టాప్‌వాచ్. గాల్లో వాసన ఎంత వేగంగా పాకుతుందో చూపిస్తాను, తగిలినవాళ్లు తగిలినట్టు చెయ్యెత్తండి, ఈ పదార్థం వాసన మీరెవరూ ఇదివరకు చూసి ఉండరు, కాస్త ఘాటుగా ఉంటుంది అంటాడు. 15 సెకన్లకి ముందు వరసలో ఎక్కువమంది చేతులు లేచాయి. 40 సెకన్లకి చేతులు ఒక అలలాగా వెనక వరసల దాకా వెళ్లాయి. హాల్లో దాదాపు ముప్పావు వంతు మందికి వాసన తగిలింది. నిమిషం అయ్యేసరికి ప్రయోగం ఆపెయ్యాల్సి వచ్చింది, ఎందుకంటే ముందు వరసలో కొంతమంది ఇబ్బంది పడి లేచి వెళ్లిపోబోతున్నారు.

సీసాలో ఉన్నది డిస్టిల్డ్ వాటర్.

ఆయన చేసినవాటిలో ఏది పనిచేసిందంటారు? మాటలు సరే. నాకైతే మొహం పక్కకి తిప్పుకోవడమే గట్టి దెబ్బ అనిపిస్తుంది. ఘాటుగా ఉంటుంది అని చెబితే అనుమానించవచ్చు, కానీ మొహం తిప్పుకున్న మనిషిని చూసి మనమే అనుకుంటాం, ఘాటు కాబోలు అని. మనమే అనుకున్నదాన్ని మనం అనుమానించం కదా.

దీనికి వందేళ్ల ముందు ఇంకో కథ. మెస్మర్ అనే వైద్యుడు, శరీరంలో కనిపించని అయస్కాంత ప్రవాహం ఒకటి ఉంటుందనీ దాన్ని సరిచేసి రోగాలు కుదురుస్తాననీ పారిస్‌ని ఊపేస్తుంటే, 1784లో ఫ్రాన్స్ రాజు 16వ లూయీ ఒక కమిషన్ వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజే లాంటివాళ్లు అందులో సభ్యులు. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక ఆప్రికాట్ చెట్టుకి మెస్మర్ అనుచరుడొకడు ఆ శక్తి పట్టించాడు. 12 ఏళ్ల కుర్రాడికి కళ్లకి గంతలు కట్టి ఒక్కో చెట్టు దగ్గరికీ తీసుకెళ్లారు. నాలుగో చెట్టు దగ్గరికొచ్చేసరికి వాడు స్పృహ తప్పి పడిపోయాడు. అది శక్తి పట్టించిన చెట్టు కాదు, అసలు చెట్టుకి దూరంగా ఉన్నది. ప్రవాహమేదీ లేదు, ఊహే ఇంత పని చేస్తోంది అని కమిషన్ తేల్చింది. ఆ తర్వాత 1880ల్లో నాన్సీ నగరంలో బెర్న్‌హైమ్ అనే డాక్టర్, హిప్నాసిస్ పనిచేసేది కూడా సజెషన్ వల్లే అని వాదించాడు. అక్కడి నుంచి ఈ మాట వైద్యంలో స్థిరపడింది.

మన సజెషన్ మనమే ఇచ్చుకోవడం ఆటోసజెషన్. ఎమిల్ కూయే అనే ఫ్రెంచ్ ఫార్మసిస్టు దీన్ని ప్రచారం చేశాడు. రోజురోజుకీ అన్ని విధాలా మెరుగవుతున్నాను అని పొద్దున, రాత్రి ఇరవైసార్లు చొప్పున అనుకోమనేవాడు, లెక్క తప్పకుండా దారానికి ఇరవై ముళ్లు వేసుకోమని కూడా చెప్పాడు. ఇప్పుడు అఫర్మేషన్లు అని వీడియోలు చేసేవాళ్లకి పెద్దాయన ఈయనే. నొప్పి, వికారం, భయం లాంటి మనం అనుభవించే వాటి మీద సజెషన్ ప్రభావం నిజమే. మందే లేని మాత్ర మింగినవాళ్లలో కూడా, ముందుగా సైడ్ ఎఫెక్టులు చదివి వినిపిస్తే, కొందరికి అవే వస్తాయి. కానీ విరిగిన ఎముకని అతికించడానికీ బ్యాక్టీరియాని చంపడానికీ అనుకోవడం సరిపోదు, అలా సరిపోతుందని అమ్ముకునేవాళ్లకి దూరంగా ఉండండి.

[స్క్రీన్ మీద: ప్రశ్నలో దాగిన జవాబు]

నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసేది మాత్రం జ్ఞాపకం సంగతి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి కార్లు గుద్దుకునే ఫిల్ములు చూపించి, ఎంత స్పీడులో ఉన్నాయి అని అడిగారు. అందరికీ అదే ప్రశ్న, ఒక్క క్రియ తప్ప. 'తగిలినప్పుడు' అని అడిగితే సగటున గంటకి 51 కిలోమీటర్ల దాకా చెప్పారు. 'గుద్దుకుని నుజ్జయినప్పుడు' లాంటి మాట వాడితే 65 దాకా వెళ్లింది. ఇంకో ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. నుజ్జు అన్న మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా 'గుద్దుకున్నప్పుడు' అని విన్న 50 మందిలో 7గురు. ఫిల్ములో గాజు ముక్కే లేదు.

అందుకే చాలా దేశాల కోర్టుల్లో, తాము పిలిపించిన సాక్షిని లాయర్ జవాబు అందించే ప్రశ్నలు మామూలుగా వెయ్యకూడదు. ఎదుటి పక్షం సాక్షిని క్రాస్ ఎగ్జామిన్ చేసేటప్పుడు మాత్రం వెయ్యొచ్చు. తెలుగులో ఆ పని చెయ్యడానికి రెండక్షరాలు చాలు: 'కదా'. "ఆ అబ్బాయే నిన్ను తోశాడు కదా?" అని చిన్నపిల్లని అడిగామంటే జవాబు మనమే ఇచ్చేసినట్టు. పిల్ల తలూపుతుంది, రెండోసారి అడిగితే తనే చెబుతుంది, నాలుగోసారికి ఎలా తోశాడో చేత్తో చూపిస్తుంది. నిజంగానే తోశాడేమో కూడా, ఆ సంగతి ఇక తేల్చలేం. "ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు" అని అడిగి, మధ్యలో మాట అందించకుండా ఊరుకోవడం చూడ్డానికి తేలిక. కంగారులో ఉన్న అమ్మానాన్నలకి అది ఎంత కష్టమో వాళ్లకే తెలుసు.

[స్క్రీన్ మీద: ఖాళీ సెర్చ్ బాక్స్]

చివరిగా ఫోన్లో సజెషన్లు. గూగుల్ 2004 డిసెంబర్‌లో, టైప్ చేస్తుండగానే కింద లిస్టు చూపించే ఫీచర్‌ని ప్రయోగంగా వదిలినప్పుడు దాని పేరు గూగుల్ సజెస్ట్. 2008లో అది మెయిన్ పేజీలోకి వచ్చేసింది. తర్వాత కంపెనీ మాట మార్చింది, ఇవి సజెషన్లు కావు, ప్రెడిక్షన్లు, మీరు టైప్ చెయ్యబోయేదాన్ని ఊహించి చూపిస్తున్నాం అంతే అంటుంది. మీరు ఒక మనిషి పేరు కొట్టగానే పక్కన 'అరెస్టు' అని వచ్చిందనుకోండి, మీరు వెతకాలనుకున్నది ఆయన పుట్టిన ఊరు కావచ్చు. వేలు మాత్రం అరెస్టు మీదికే వెళ్తుంది. పేరేదైనా పెట్టుకోనివ్వండి, చూసేవాళ్ల మీద అది చేసే పని సజెషన్ పనే అని నా అభిప్రాయం. ట్రెండింగ్ సెర్చ్‌లు చూపించడం ఆపే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంది, కావాలంటే ఆపుకోవచ్చు. అది ఆపేసినా, టైప్ చేస్తున్నప్పుడు వచ్చే మామూలు లిస్టు మాత్రం వస్తూనే ఉంటుంది.