మా రోజుల్లో అంతా చవకే!

శ్రోతలకు నమస్కారం.

"మా రోజుల్లో కిలో బియ్యం రెండు రూపాయలు. నాన్న జీతం ఒక్కదాంతో ఇంటిల్లిపాదీ తిన్నాం. ఈ కాలం పిల్లలు ఇద్దరూ సంపాదిస్తారు, అయినా చాలదంటారు." పెళ్లి భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కాకపోతే ధర గుర్తున్నంతగా అప్పటి జీతం గుర్తుండదు. పైగా ఆ రెండు రూపాయలు బజారు ధర కాదు, 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం సబ్సిడీ మీద ఇచ్చిన ధర.

కాబట్టి ధర పక్కన పెట్టి, ఇంటి ఖర్చులో తిండికి ఎంత పోతోందో చూద్దాం. జాతీయ నమూనా సర్వే వాళ్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకునే లెక్కే ఇది. 1999-2000లో దేశంలోని పల్లెల్లో 100 రూపాయలు ఖర్చయితే అందులో 59 తిండికే. 2022-23కి అది 46. బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాలకైతే అప్పట్లో 22 రూపాయలు పోయేవి, 2022-23లో 5 కూడా పోలేదు.

అంతా బాగుపడిందని చప్పట్లు కొట్టకండి. రేషన్‌లో ఉచితంగా వచ్చే బియ్యం ఈ 5 రూపాయల్లో లేదు. సర్వే చేసే పద్ధతీ ఈసారి మారింది. అందుకని పైసల దాకా పోల్చకూడదు, దిశ మాత్రం నమ్మొచ్చు.

కుర్రాళ్లు హోటల్ తిళ్లకే డబ్బు తగలేస్తున్నారని కూడా పెద్దలంటారు. మరి ఆ లెక్క? పానీయాలు, ప్యాకెట్ తిండి, బయట భోజనం కలిపి పల్లెల్లో 100కి దాదాపు 10 రూపాయలు. అంటే ధాన్యానికి పెట్టేదానికి రెట్టింపు. పెద్దల మాటలో కొంత నిజముంది. అయితే తాతగారు సెంటర్లో తాగే టీ కూడా ఈ పద్దులోదే! ఏ వయసువారు ఎంత తిన్నారో ఈ లెక్క చెప్పదు.

నాకు ఇంతకంటే పెద్దగా కనిపించిన తేడా వేరే ఉంది. 2022-23లో నెలకు తలసరి ఖర్చు తెలంగాణ పల్లెల్లో 4,802 రూపాయలు, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో 4,870. చూడటానికి బాగానే ఉంది. కానీ దేశం మొత్తం మీద పల్లెల్లో అట్టడుగు 5 శాతం మంది ఖర్చు 1,373 రూపాయలు, పైనున్న 5 శాతం మందిది 10,501. ఏడున్నర రెట్లు! ఇది తాతకూ మనవడికీ మధ్య తేడా కాదు, ఇవాళ ఒకే కాలంలో బతుకుతున్నవాళ్ల మధ్య తేడా.