ఒకే ఒక్క ట్యాంకుకు చేతి పనే సరైన ఇంజినీరింగ్

(మెకానికల్ డిప్లొమా విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపకులకు, విద్యార్థులకు, పని ఆపుకుని వచ్చి వెనక వరుసల్లో కూర్చున్న ఆటోనగర్ మిస్త్రీలకు నమస్కారం.

పాత మోటార్‌సైకిళ్లను చేత్తో కొత్తగా కట్టడం గురించి మాట్లాడమని పిలిచారు. బండి మొత్తం గురించి చెప్పాలంటే ఈ పూట చాలదు. అందుకే పెట్రోల్ ట్యాంకు మీదే ఎక్కువ సేపు ఉంటాను. బండిని చూడగానే కన్ను ముందు పడేది దాని మీదే. చేయడానికి అన్నిటికంటే కష్టమైనదీ అదే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రేకు కొట్టి ట్యాంకు చేయడం పాతకాలపు ముచ్చట అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీలో ఉక్కు రేకును డైల, అంటే గట్టి అచ్చుల మధ్య పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. కుడి సగం, ఎడమ సగం వేరుగా వస్తాయి, అంచులు కలిపి వెల్డింగ్ చేస్తారు. ఆ డైల ఖర్చు వేల ట్యాంకుల మీద పంచితే ఒక్కోదానికి పడేది కొంచెమే. మీకు కావాల్సింది ఒక్కటే అయితే ఆ ఖర్చంతా ఆ ఒక్కదాని నెత్తిన పడుతుంది. అలాంటప్పుడు చెక్కసుత్తి, ఇసుక సంచి, రేకు సాగదీసే చక్రం, వీటికి మించిన యంత్రం లేదు. లెక్క వేసి చూసినా తేలేది ఇదే. మీరు ఇంజినీరింగ్ చదువుతున్నారు కాబట్టి ఈ పనిని ఇంజినీరింగ్‌గానే చూడమని అడుగుతున్నాను.

ఈ పని బాగా వేళ్లూనిన చోటు ఒకటి చెబుతాను. 1950లో ఇంగ్లండులో నార్టన్ కంపెనీ తన మ్యాంక్స్ రేసు బండికి కొత్త చాసీ పెట్టింది. పేరు ఫెదర్‌బెడ్. రూపొందించినవాడు బెల్‌ఫాస్ట్‌కు చెందిన రెక్స్ మెకాండ్లెస్. ఆ ఏడాదే జెఫ్ డ్యూక్ ఆ బండి మీద ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే పేరున్న మోటార్‌సైకిల్ రేసు, సీనియర్ టీటీ గెలిచాడు. మలుపులో అంత నమ్మకంగా నిలబడే చాసీ అప్పటికి రోడ్డు మీద ఇంకొకటి లేదనేవారు.

ఇక్కడో చిత్రం జరిగింది. ఆ రోజుల్లో అక్కడ 500 సీసీ ఇంజన్లతో చిన్న రేసు కార్లు నడిచేవి. ఆ కార్లవాళ్లకు నార్టన్ ఇంజన్ కావాలి, కంపెనీ మాత్రం ఇంజన్ విడిగా అమ్మేది కాదు. దాంతో వాళ్లు బండి మొత్తం కొని, ఇంజన్ ఊడదీసుకుని, చాసీని వదిలించుకునేవారు. ఇంకోవైపు కుర్రాళ్ల దగ్గర ట్రయంఫ్ కంపెనీ ట్విన్ ఇంజన్లు, అంటే రెండు సిలిండర్లవి ఉన్నాయి. తేలిగ్గా దొరికేవి, మంచి వేగం. నార్టన్ చాసీలో ట్రయంఫ్ ఇంజన్ దించితే ట్రైటన్ అయింది. లండన్ నార్త్ సర్క్యులర్ రోడ్డులో 1938లో మొదలైన ఏస్ కేఫ్ ముందు ఇలాంటి బండ్లు వరసగా నిలబడేవి. గంటకు వంద మైళ్లు, అంటే 161 కిలోమీటర్లు దాటించడం వాళ్ల పంతం. కేఫ్ రేసర్ అని మనం ఇప్పుడు అంటున్న బండ్ల వంశం అక్కడిదే. ఈ కలగలుపు బండ్లు కుర్రాళ్ల సరదాతోనే ఆగలేదు. 1965లో డేవ్ డీగన్స్, రెక్స్ బుచర్ కలిసి ఒక ట్రైటన్ మీద బార్సిలోనా 24 గంటల రేసు గెలిచారు.

ఇప్పుడు ట్యాంకు సంగతి. ఆ చాసీలో పైన రెండు గొట్టాలు పక్కపక్కనే వెళ్తాయి, ట్యాంకు వాటి మీద కూర్చుంటుంది. 1960లో నార్టన్ ఆ గొట్టాలను కొంత దగ్గరికి జరిపింది, నడిపేవాడి మోకాళ్లు మరీ ఎడంగా ఉండకూడదని. అంతే, పాత చాసీ ట్యాంకు కొత్తదానికి సరిగ్గా కూర్చోదు. ఒకే కంపెనీ, ఒకే పేరున్న చాసీలోనే ఇంత తేడా ఉంటే, ఒక కంపెనీ చాసీలో ఇంకో కంపెనీ ఇంజన్ పెట్టిన బండికి రెడీమేడ్ ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది? అందుకే అక్కడ అల్యూమినియం రేకు కొట్టే పనివాళ్లకు గిరాకీ ఉండేది.

మన దగ్గర ఈ పని బుల్లెట్ మీదో, యెజ్డీ మీదో జరుగుతుంది. 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలయ్యాక ఆ బండి మన ఊళ్లన్నిటికీ చేరింది. దాని చాసీలో పైన ఒకే గొట్టం. ట్యాంకు దాని మీద రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. అంటే అడుగున ఒక సొరంగం కావాలి. ఈ సొరంగం సరిగ్గా రాకపోతే పైన ఎంత అందంగా ఉన్నా ఆ ట్యాంకు పనికిరాదు. పైగా పెట్రోల్ రెండు వైపులా చీలి ఉంటుంది. ట్యాప్ ఒక వైపే పెడితే రెండో వైపు అడుగున పెట్రోల్ కొంత ఉండిపోతుంది. రెండు ట్యాప్‌లన్నా పెట్టాలి, లేదా రెండు వైపులనూ కింద ఒక పైపుతో కలపాలి.

అందుకే నేను రేకు ముట్టుకునే ముందు చాలాసేపు బండి దగ్గరే గడుపుతాను. యజమానిని సీటు మీద కూర్చోబెడతాను. మోకాళ్లు ఎక్కడ తగులుతున్నాయో చాక్‌పీసుతో గుర్తు పెడతాను. హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పిస్తాను. కేఫ్ రేసర్ హ్యాండిల్ కిందికి ఉంటుంది కాబట్టి పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు హ్యాండిల్‌కీ ట్యాంకుకీ మధ్య నలుగుతుంది. అక్కడ లోపలికి గుంట తీయాలి. పాత రేసు ట్యాంకుల ముందు భాగంలో కనిపించే ఆ గుంటలు అందానికి పెట్టినవి కావు. ట్యాప్ నోరు కార్బొరేటర్ గిన్నె కన్నా ఎత్తులో ఉండాలి, ఎందుకంటే పెట్రోల్ తన బరువుతోనే దిగాలి. మూతకు గాలి రంధ్రం ఉండాలి, లేకపోతే కొంత దూరం వెళ్లాక పెట్రోల్ దిగడం ఆగి బండి నిలిచిపోతుంది. ఇవన్నీ తేలాక అట్టతో నమూనా, ఆ తర్వాత చెక్కతోనో ఇనుప తీగతోనో అచ్చు. అచ్చు మీద రేకును కొట్టరు. రేకును వేరే చోట మలిచి, తెచ్చి అచ్చు మీద పెట్టి సరిపోయిందో లేదో చూసుకుంటారు.

రేకు ఏది? 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే నాకు ఇష్టం. ట్యాంకుకు 0.65 చదరపు మీటర్ల రేకు పట్టిందనుకోండి. 2.8 కిలోల బరువు వస్తుంది. అదే 1 మిల్లీమీటరు ఉక్కు అయితే 5.1 కిలోలు. అందులో 15 లీటర్ల పెట్రోల్ పోస్తే ఇంకో 11 కిలోలు. బ్రేకు వేసిన ప్రతిసారీ ఆ 11 కిలోలు ముందుకు దూకుతాయి. లోపల రంధ్రాలున్న అడ్డుపలకలు పెట్టేది అందుకే. ట్రయంఫ్ ట్విన్ లాంటి ఇంజన్‌లో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి వెళ్తాయి కాబట్టి వణుకు గట్టిగా ఉంటుంది. అల్యూమినియానికి ఆ వణుకు పడదు, బోల్టు బిగించిన చోట పగులుతుంది. మ్యాంక్స్ నార్టన్‌లో ట్యాంకును పట్టీతో కట్టి ఉంచేవారు. నేనూ రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి పట్టీతోనే బిగిస్తాను.

ఇక అసలు పని. బల్లపరుపు రేకు ఉబ్బెత్తు కావాలంటే రెండే దారులు. నడుమ సాగాలి, లేదా అంచు ముడుచుకోవాలి. రేకును ఇసుక సంచి మీద పెట్టి, గుండ్రటి తల ఉన్న చెక్కసుత్తితో కొడితే నడుమ భాగం సాగుతుంది. సాగిన చోట పలచనవుతుంది, ఎందుకంటే లోహం ఎక్కడి నుంచో కొత్తగా పుట్టుకు రాదు. సాగదీసే కొద్దీ పలచబడుతుంది కాబట్టి ఒక హద్దు ఉంది. ఆ హద్దు తెలిసినవాళ్లు అంచును ముడిచే పద్ధతి పడతారు. అంచు వెంబడి చీర కుచ్చిళ్లలా మడతలు పెట్టి, ఒక్కో మడతను దాని కొస నుంచి మొదలుపెట్టి, పారిపోనివ్వకుండా సుత్తితో తనలోకే అణుస్తారు. మడత మాయమై లోహం అక్కడ మందమవుతుంది. అంచు పొడవు తగ్గగానే నడుమ దానంతట అదే గిన్నెలా లేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లు నమ్మరు.

ఆ దశలో రేకు చూడ్డానికి ఏమీ బాగోదు. అంతా గుంటలు, మిట్టలు. ఇంగ్లీష్ వీల్ అనే చక్రం అక్కడ అందుకుంటుంది. పైన బల్లపరుపుగా ఉన్న పెద్ద చక్రం, కింద కొంచెం ఉబ్బెత్తుగా ఉన్న చిన్న చక్రం. వాటి మధ్య రేకును ముందుకీ వెనక్కీ నడిపిస్తూ పోవాలి. ప్రతిసారీ దారి కొద్దిగా పక్కకు జరగాలి. ఒత్తిడి ఎక్కువ పెడితే గీతలు పడతాయి, రేకు మెలితిరుగుతుంది. చేతిని రేకు మీద పారాడించి చూసుకోవాలి. కంటికి కనపడని మిట్ట అరచేతికి తెలుస్తుంది.

కొట్టే కొద్దీ అల్యూమినియం గట్టిపడుతుంది. ఆ సంగతి ముందు చెవికే తెలుస్తుంది. మెత్తగా ఉన్నప్పుడు దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. గట్టిపడ్డాక ఖంగుమంటుంది, సుత్తి చేతిలోకి ఎగిరి వస్తుంది. అప్పుడు ఆపి, కాల్చి మెత్తబరచాలి. ఇక్కడే చిక్కు. ఇనుము కాలితే ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది, కానీ అప్పటి దాకా రంగు మారదు. చూస్తుండగానే కుప్పకూలుతుంది. అందుకు పాత మిస్త్రీలు వాడే ఉపాయం బట్టల సబ్బు. రేకు మీద సబ్బుతో గీతలు గీసి, మంటను ఒక్కచోట నిలపకుండా ఆడిస్తూ వేడి చేస్తారు. గీతలు ముదురు గోధుమ రంగు దాటి నల్లబడగానే మంట తీసేస్తారు. సుమారు 350 డిగ్రీల దగ్గర జరిగే ఈ మార్పు మనకు ఉష్ణమాపకంగా పనికొస్తుంది. చల్లారాక ఆ రేకు మళ్లీ మాట వింటుంది. మన పెంబర్తి ఇత్తడి పనివారు కూడా రేకును కాల్చి మెత్తబరిచాకే లక్క మీద మలుస్తారు. లోహం వేరు, సూత్రం ఒకటే.

ముక్కలన్నీ అచ్చుకు అతికినట్టు కూర్చున్నాకే వెల్డింగ్. అతుకుల మధ్య సందు ఉంటే మంట దగ్గర రేకు వంకరపోతుంది. ఫిట్టింగ్‌కు పట్టే సమయం వెల్డింగ్‌కు పట్టే సమయం కన్నా చాలా ఎక్కువ, అలాగే ఉండాలి కూడా. ఈ రోజుల్లో ఆర్గాన్‌తో టిగ్ వెల్డింగ్ (కరెంటు మెరుపుతో అతికే పద్ధతి) అందరూ చేస్తున్నారు. గ్యాస్ వెల్డింగ్ అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తితో కొట్టి చదును చేసుకోవచ్చు, అందుకే నేను బయటి అతుకులకు దాన్నే వాడతాను. అయితే అతుకు శుభ్రంగా కరిగి కలవడానికి వాడే ఫ్లక్స్ అనే మందు అల్యూమినియాన్ని తినేస్తుంది. లోపలా బయటా వేడినీళ్లతో పూర్తిగా కడగాలి.

లీకు పరీక్ష దగ్గర అందరూ వినాలి. కంప్రెసర్ గొట్టం నేరుగా పెట్టకండి. 3 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 3 పౌండ్ల ఒత్తిడి, ఏమీ లేనట్టు అనిపిస్తుంది. ట్యాంకు పక్క భాగం 30 సెంటీమీటర్లు పొడవు, 20 వెడల్పు అనుకుని లెక్క వేయండి. ఆ ముఖం మీద దాదాపు 125 కిలోల తోపు పడుతోంది. వారాల పని క్షణంలో ఉబ్బిపోతుంది. రెండు పీఎస్ఐ చాలు, రెగ్యులేటర్ పెట్టి, సబ్బు నీళ్లు పూసి బుడగల కోసం చూడండి. ఇంకో మాట, పాత ట్యాంకుకు మంట తగిలించడం గురించి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు ప్రమాదం. పెట్రోల్ ఆవిరి, గాలి కలిసి లోపల పేలుడు మిశ్రమం తయారై ఉంటుంది. ఎన్నేళ్లు ఎండలో పడి ఉన్నా సరే, కడగని ట్యాంకు దగ్గరికి వెల్డింగ్ తేవద్దు. ఈ విషయంలో తొందర పెట్టే యజమాని మాట వినాల్సిన అవసరం మీకు లేదు.

చట్టం సంగతీ చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి, కానీ చాసీ, ఇంజన్ మార్చిన బండ్లకు అవి వర్తించవు. అందుకని చాసీ కోసే ముందు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి అడగండి. అసలు ట్యాంకును పారేయకుండా నూనె రాసి భద్రపరచండి.

వెనక కూర్చున్న టింకరింగ్ మిస్త్రీల గురించి చెప్పకుండా ఉండలేను. గుద్దుకుని నలిగిన కారు డోరును డాలీ (రేకు వెనక ఆన్చే ఇనుప దిమ్మ), సుత్తితో మళ్లీ తన ఆకారానికి తెచ్చే చేతులు వీళ్లవి. సాగిన రేకును వేడి చేసి ముడిపించడం వీళ్లకు రోజువారీ పని. ట్యాంకు చేయడానికి కావాల్సిన విద్యలో సగానికి పైగా వీళ్ల దగ్గర ఉంది. ఇప్పుడు డోరు నలిగితే షోరూములు కొత్త డోరే బిగిస్తున్నాయి. అందువల్ల ఈ పని తగ్గుతోంది, కుర్రాళ్లు నేర్చుకోవడం మానేస్తున్నారు. నాకు నిజంగా బాధగా ఉంది. మీరు కంప్యూటర్‌లో గీయగలరు, వాళ్లు రేకులో తేగలరు. మీ డిజైన్ ప్రాజెక్టులకు వీళ్లలో ఒకరిని గురువుగా పెట్టమని మీ అధ్యాపకులను ఇక్కడే అడుగుతున్నాను.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు ట్యాంకుతో మొదలుపెట్టకండి. ఒక అడుగు చదరం అల్యూమినియం ముక్క తీసుకుని, లోతు తక్కువ గిన్నె ఒకటి చేయండి, ముందు సాగదీసి, తర్వాత ఇంకో ముక్కతో అంచు ముడిచి. రెండిటినీ నడుమ కోసి, కోసిన అంచు మందం మైక్రోమీటర్‌తో కొలవండి. లోహం ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఆ అంకెలు చూపిస్తాయి. వెల్డింగ్ చేయని ట్యాంకు ముక్కలు, ఇసుక సంచి, సుత్తులు పక్క గదిలో బల్ల మీద ఉంచాను. ప్రశ్నలు అక్కడే అడగండి, సుత్తి చేతిలో పెట్టి జవాబు చెబుతాను.