కాన్సర్ట్ టికెట్ ఎవరికి దక్కాలి?

[స్క్రీన్ మీద: ఫోన్‌లో తిరుగుతున్న చక్రం, కింద క్యూ నంబరు]

2024 సెప్టెంబర్ 22, ఆదివారం. మధ్యాహ్నం 12 గంటలకు బ్రిటిష్ బ్యాండ్ కోల్డ్‌ప్లే ముంబై కాన్సర్ట్ టికెట్లు బుక్‌మైషోలో పెట్టారు. సరిగ్గా ఆ టైముకే యాప్ పడిపోయింది. మళ్లీ లేచేసరికి చాలామందికి క్యూలో తమ నంబరు లక్షల్లో కనిపించింది. డీవై పాటిల్ స్టేడియంలో ఒక్కో షోకు పట్టేది యాభై వేల ఆసుపాసు. మూడో షో కూడా కలిపారు. అదీ చాల్లేదు. ఆ రోజు ప్రయత్నించినవాళ్లు కోటి మందికి పైనే.

అసలు ధర 2,500 నుంచి 35,000 రూపాయల దాకా. కాసేపటికే వయాగోగో లాంటి రీసేల్ సైట్లలో ఆ షోలకే టికెట్లు లక్షల్లో కనిపించాయి.

"డబ్బున్నవాళ్లు కొనుక్కుంటారు, మధ్యలో నీకేంటి బాధ?" అని అడిగేవాళ్లున్నారు. నాకు బాధే. ఎందుకో చెప్తాను.

[పాత సినిమా హాలు బుకింగ్ కిటికీ బొమ్మ]

బ్లాక్ టికెట్ మనకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఊరి హాల్లో కొత్త సినిమా పడితే, బుకింగ్ కిటికీకి చెయ్యి పట్టేంత కంత ఒక్కటే ఉండేది. అందులో అప్పటికే నాలుగు చేతులు ఇరుక్కుని ఉండేవి. గుప్పిట్లో నోటు చెమటకి తడిసి మెత్తబడిపోయేది. నా వంతు వచ్చేసరికి కిటికీ మూసి హౌస్‌ఫుల్ బోర్డు తగిలించేవాళ్లు. ఆ వెంటనే సైకిల్ స్టాండ్ దగ్గర ఒకాయన "బాల్కనీ యాభై, బాల్కనీ యాభై" అని గొణుగుతూ తిరిగేవాడు. క్యూలో ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఆయన చేతిలో ఎంత లావు కట్ట ఉన్నా, ఆ హాల్లో పట్టినంతే. ఇప్పుడు ఆ పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. న్యూయార్క్ అటార్నీ జనరల్ ఆఫీసు 2016లో ఒక రిపోర్టు ఇచ్చింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూటూ బ్యాండ్ షోకి ఒక్క దళారి, బాట్ సాయంతో, అంటే మనిషి బదులు తనంతట తానే టికెట్లు కొనే ప్రోగ్రాంతో, ఒక్క నిమిషంలో 1,012 టికెట్లు కొన్నాడని అందులో ఉంది. మనిషికి నాలుగే అన్న రూలు అప్పటికే ఉంది. మనం పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ కొట్టేలోగా ఆట అయిపోతుంది.

అదే రిపోర్టులో నన్ను ఇంకా ఎక్కువ కుదిపిన లెక్క ఒకటుంది. బాగా గిరాకీ ఉన్న షోల్లో సగటున 46 శాతం టికెట్లే మామూలు అమ్మకానికి వచ్చాయి. 16 శాతం ఆర్టిస్టు, వేదిక, నిర్వాహకుల మనుషులకు. 38 శాతం ఫలానా క్రెడిట్ కార్డు ఉన్నవాళ్లకు, ఫ్యాన్ క్లబ్బులకు, ముందుగానే. అంటే అక్కడి మామూలు జనం పోటీ పడిందే సగం కంటే తక్కువ సీట్ల కోసం. క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ సంగతి చెప్పేవాళ్లు లేరు.

[నల్లటి స్క్రీన్ మీద క్యూఆర్ కోడ్]

ఇక అసలు లేనే లేని టికెట్లు. చేతికి రాకముందే "నా దగ్గరుంది" అని అమ్మకానికి పెట్టేస్తారు. తర్వాత దొరికితే ఇస్తారు, లేకపోతే ఫోన్ ఎత్తరు. కొందరైతే ఒకే పీడీఎఫ్‌ని పది మందికి పంపుతారు. కోల్డ్‌ప్లే, పంజాబీ గాయకుడు దిల్జీత్ దోసాంజ్ షోల టికెట్ల వ్యవహారంలో 2024 అక్టోబర్‌లో ఈడీ ఐదు నగరాల్లో సోదాలు చేసింది. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, టెలిగ్రామ్‌లో నకిలీ టికెట్లు అమ్మారని చెప్పింది.

మా చెల్లెలు ఇలాగే దెబ్బ తింది. హైదరాబాద్‌లో ఒక కాన్సర్ట్‌కి 1,999 టికెట్‌ని 6,500 పెట్టి ఇన్‌స్టాలో ఎవరో తెలియని మనిషి దగ్గర కొంది. గేటు దగ్గర కుర్రాడు స్కాన్ చేస్తే మిషన్ ఎర్రగా వెలిగింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఎరుపే. "అక్కా, ఇది ఆల్రెడీ లోపలికెళ్లిపోయింది" అన్నాడు పాపం, మెల్లగా. లోపల మొదటి పాట మొదలైంది. అది బయటికి బాగానే వినిపిస్తోంది. అమ్మినవాడికి ఫోన్ చేస్తూ రోడ్డు మీదే అరగంట నిలబడింది.

[రెండు గీతలు: అసలు ధర, బయట పలికే ధర]

అసలు ఈ దళారి ఎక్కడ బతుకుతున్నాడు? ఈ రెండు గీతల మధ్య. కోల్డ్‌ప్లే షోకి కాలేజీ పిల్లలు కూడా రాగలిగేలా 2,500 టికెట్ ఉంది. బయట దానికి ఎన్నో రెట్లు ఇచ్చేవాళ్లున్నారు. ఆ తేడా అభిమానికి దక్కాల్సిన తగ్గింపు. దాన్ని మధ్యవాడు జేబులో వేసుకుంటున్నాడు. పాడినవాళ్లకు అందులో పైసా రాదు.

ఎకనామిక్స్ చదివినవాళ్లు చెప్పే మాట ఒకటుంది: ఎక్కువ ఇచ్చేవాడికే ఎక్కువ ఇష్టం ఉన్నట్టు, కాబట్టి టికెట్ వాడి దగ్గరికే చేరాలి. నేను ఒప్పుకోను. నెలకు పాతిక వేలు సంపాదించే అమ్మాయి ఐదు వేలు తీయడం, ఐదు లక్షలు వచ్చేవాడు యాభై వేలు తీయడం ఒకటి కాదు. అంకెలో అతనిది పది రెట్లు పెద్దది. జీతంలో చూస్తే ఆమె ఇచ్చింది రెట్టింపు.

దీనికి జవాబు మనకు దగ్గర్లోనే ఉంది. తిరుమలలో సుప్రభాత సేవ టికెట్ 120 రూపాయలు. వేలం పెడితే ఎంతకు పోతుందో మీరే ఊహించుకోండి. కానీ టీటీడీ డిప్, అంటే లాటరీ, తీస్తుంది. ఆన్‌లైన్‌లో పేరిచ్చుకోవాలి, గడువులోపు ఎప్పుడిచ్చినా ఒకటే. వచ్చినవాళ్లు ఆధార్‌తో వెళ్లాలి. అక్కడ డబ్బుకు దారి లేదని అనను. పది వేలు విరాళమిస్తే శ్రీవాణి బ్రేక్ దర్శనం ఉంది, దళారులూ అప్పుడప్పుడు పట్టుబడుతూనే ఉంటారు. అయినా ఆ 120 రూపాయల టికెట్ ఈ రోజుకీ మామూలు మనిషికి తగులుతోంది.

"ముందొచ్చినవాడికి ముందు" అనేది న్యాయంలా వినిపిస్తుంది. లక్ష మంది ఒకే నిమిషంలో వచ్చినప్పుడు ముందు అంటే ఏమిటి? నెట్ స్పీడా, భుజబలమా? 2022లో, అదీ సెప్టెంబర్ 22నే, సికింద్రాబాద్ జింఖానా గ్రౌండ్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్ల కోసం తొక్కిసలాట జరిగి జనం గాయపడ్డారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు చనిపోయారు. సుప్రభాతానికి ఉన్న డిప్ ఆ టోకెన్లకూ పెట్టి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రీసేల్ మొత్తం ఆపేయమని నేననను. జ్వరం రావచ్చు, ఆఫీసులో సెలవు దొరక్కపోవచ్చు. కొన్న యాప్‌లోనే, కొన్న ధరకే తిరిగి అమ్ముకునే వీలుంటే చాలు. ఐర్లాండ్ 2021లో చట్టమే చేసింది, పెద్ద వేదికల టికెట్లను అసలు ధర దాటి అమ్మకూడదని. జపాన్‌లో అలాంటి చట్టం 2019 నుంచి అమల్లో ఉంది. పేరు మీద టికెట్ ఇస్తే గేటు దగ్గర ఐడీ చూడాలి, కొంచెం ఆలస్యమవుతుంది, మనుషులు ఎక్కువ కావాలి. మా చెల్లెలిలా రోడ్డు మీద నిలబడటం కంటే అది నయం.

మన దగ్గర కోల్డ్‌ప్లే గొడవ మీద బాంబే హైకోర్టుకు పిల్ వెళ్తే, చట్టాలు చేయడం, విధానాలు పెట్టడం కోర్టు పని కాదంటూ 2025 జనవరిలో కొట్టేసింది. సరే, చట్టం ఎప్పుడొస్తుందో రానీండి. ఈ లోపు హైదరాబాద్‌లో, విశాఖలో షోలు పెట్టే నిర్వాహకులను నేను అడిగేది చట్టం అక్కర్లేని పని. టికెట్లు తెరిచే ముందు రోజు పోస్టర్ మీద ఒక్క అంకె వేయండి: మొత్తం సీట్లలో మామూలు జనానికి వదులుతున్నవి ఎన్ని?